ఎంఏహెచ్ చూసి ట్యాబ్ కొనకండి: బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో లెక్కగట్టే పద్ధతి

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారులోనో ట్యాబ్ కొనడానికి వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గర అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, చార్జింగ్ ఎన్ని గంటలు వస్తాది?" దానికి వచ్చే జవాబు గంటల్లో ఉండదు. "ఎనిమిది వేల ఎంఏహెచ్ సార్, ఫుల్ బ్యాటరీ" అంటారు. ప్రశ్న కాలం గురించి, జవాబు బ్యాటరీ సైజు గురించి. ఈ రెండింటి మధ్య స్క్రీన్, ప్రాసెసర్, నెట్‌వర్క్, ఎండ, మీ వాడకం ఉన్నాయి. వాటన్నిటినీ లెక్కలోకి తీసుకుని రెండు మోడళ్లను పోల్చే పద్ధతి ఇది. కావలసినవి ఒక కాలిక్యులేటర్, ఒక ఆండ్రాయిడ్ ఫోను, కాస్త ఓపిక.

మొదటి మెట్టు: అన్ని అంకెలనూ వాట్-అవర్‌లోకి మార్చండి

ఎంఏహెచ్ అనేది ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే అంకె. ఎంత శక్తి ఉందో తెలియాలంటే దాన్ని వోల్టేజీతో గుణించాలి. ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. పోల్చదగిన అంకె అదొక్కటే.

దీనికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో 2022 సెప్టెంబరులో ప్రారంభమైన లిథియం సెల్ కర్మాగారం 10 ఆంపియర్-అవర్ సెల్స్ తయారీతో మొదలైంది. 10 ఆంపియర్-అవర్ అంటే 10,000 ఎంఏహెచ్. సెల్ వోల్టేజీ 3.7 అనుకుంటే 37 వాట్-అవర్లు. అంటే అలాంటి సెల్ ఒక్కటి, ఒక పెద్ద ట్యాబ్ బ్యాటరీకి సమానమైన శక్తి దాచుకుంటుంది.

ట్యాబుల్లోని సెల్ వోల్టేజీ సాధారణంగా 3.7 నుంచి 3.9 మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె దొరక్కపోతే అన్నిటికీ 3.85 వేసుకోండి, పోలికకు చాలు. అలా చూస్తే గెలాక్సీ ట్యాబ్ ఏ9 లోని 5100 ఎంఏహెచ్ 19.6 వాట్-అవర్లు. ట్యాబ్ ఏ9 ప్లస్‌లోని 7040 ఎంఏహెచ్ 27.1. రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈలోని 8000 ఎంఏహెచ్ 30.8. ట్యాబ్ ఎస్9 లోని 8400 ఎంఏహెచ్ 32.3. షావోమీ ప్యాడ్ 6 లోని 8840 ఎంఏహెచ్ 34. వన్‌ప్లస్ ప్యాడ్‌లోని 9510 ఎంఏహెచ్ 36.6.

ఐప్యాడ్‌కు ఈ గుణకారం అక్కర్లేదు. యాపిల్ తన వివరాల పేజీలో నేరుగా వాట్-అవర్లే రాస్తుంది: 10వ తరం ఐప్యాడ్‌కు 28.6, ఐప్యాడ్ మినీకి 19.3, ఎం4 చిప్ ఉన్న 13 అంగుళాల ఐప్యాడ్ ప్రోకు 38.99.

ఇక్కడ రెండుచోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, పెద్ద అక్షరాల్లో ఉండే అంకె 'టిపికల్' కెపాసిటీ, అంటే సగటు. కింద చిన్న అక్షరాల్లో 'రేటెడ్' అని మరో అంకె ఉంటుంది, అది కనీస హామీ, కాస్త తక్కువ. ఒక ట్యాబ్ టిపికల్‌ను మరో ట్యాబ్ రేటెడ్‌తో పోల్చకండి. రెండోది, కొన్ని ట్యాబుల్లో, ముఖ్యంగా విండోస్ ట్యాబుల్లో, రెండు సెల్స్‌ను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. అప్పుడు వోల్టేజీ 7.7 దాకా ఉంటుంది, ఎంఏహెచ్ సగమైనట్టు కనిపిస్తుంది. 7.7 వోల్టుల 6000 ఎంఏహెచ్ అంటే 46 వాట్-అవర్లు. 3.85 వోల్టుల 8000 ఎంఏహెచ్ కంటే అది ఒకటిన్నర రెట్లు. ఎంఏహెచ్ మాత్రమే చూసేవాళ్లు దాన్ని "చిన్న బ్యాటరీ" అని పక్కన పెట్టేస్తారు.

రెండో మెట్టు: స్క్రీన్ సైజుతో భాగించండి

ట్యాబులో ఎక్కువ చార్జింగ్ తాగేది స్క్రీన్ వెలుగు. స్క్రీన్ వైశాల్యం పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. వైశాల్యం అంగుళాల కొలతకు వర్గంలా పెరుగుతుంది కాబట్టి, అంగుళాలను అంగుళాలతోనే గుణించి, ఆ వచ్చినదాంతో వాట్-అవర్లను భాగించి, 100తో గుణించండి. వచ్చిన అంకె ఎంత ఎక్కువైతే అంత మేలు.

ట్యాబ్ ఎస్9 స్క్రీన్ 11 అంగుళాలు, 11 × 11 = 121. బ్యాటరీ 32.3. మన లెక్కలో 27 వచ్చింది. అదే వరుసలోని ఎస్9 అల్ట్రా 14.6 అంగుళాలు, వర్గం 213. బ్యాటరీ 11,200 ఎంఏహెచ్, అంటే 43.1 వాట్-అవర్లు. లెక్కలో వచ్చింది 20. బ్యాటరీ మూడోవంతు పెరిగింది, స్క్రీన్ మూడొంతుల పైన పెరిగింది. "అల్ట్రాలో పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి ఎక్కువసేపు వస్తుంది" అనే నమ్మకం ఇక్కడే తేలిపోతుంది.

తక్కువ ధరల్లో చూస్తే, చిన్న ట్యాబ్ ఏ9 కి 26, పెద్ద ఏ9 ప్లస్‌కు 22, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈకి 25. వీటిని బట్టి ఏది ఎక్కువ గంటలు వస్తుందో అప్పుడే తేల్చెయ్యకండి. దుకాణానికి వెళ్లేముందు పది మోడళ్లను మూడుకు తగ్గించుకోవడానికి ఇది పనికొస్తుంది, అంతే. ఐప్యాడ్ స్క్రీన్ ఆకారం కొంచెం చదరంగా ఉంటుంది, కాబట్టి ఐప్యాడ్‌ను ఐప్యాడ్‌తోనే పోల్చుకుంటే లెక్క నికరంగా ఉంటుంది.

మూడో మెట్టు: కంపెనీ చెప్పే గంటల్ని చదవడం

పైన చెప్పిన మూడు ఐప్యాడ్‌లకూ, అంటే 19.3 వాట్-అవర్ల మినీకీ, 28.6 ఉన్న మామూలు ఐప్యాడ్‌కూ, 38.99 ఉన్న ప్రోకూ, యాపిల్ ఇచ్చే మాట ఒకటే: వైఫైలో వెబ్ చూస్తే, లేదా వీడియో చూస్తే 10 గంటల వరకు. సిమ్ డేటాతో అయితే 9 గంటల వరకు. అంటే కంపెనీ ముందు 10 గంటలు అనుకుని, ఆ స్క్రీన్‌కు, ఆ చిప్‌కు సరిపడా బ్యాటరీ పెడుతోంది. ఆ మాటను తిప్పి చదివితే మినీ గంటకు సుమారు 1.9 వాట్-అవర్లు, ప్రో 3.9 వాడతాయి. మొత్తం శక్తిని గంటలతో భాగించడం వల్ల వచ్చే ఈ వాట్ల అంకె ముందు ముందు చాలాచోట్ల అక్కరకొస్తుంది.

వేర్వేరు కంపెనీలు వేర్వేరు పరీక్షలు చేస్తాయి కాబట్టి వాళ్ల గంటల్ని పక్కపక్కన పెట్టలేం. దీనికి ఒక మంచి దారి దొరికింది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు, ట్యాబులకు ఎనర్జీ లేబుల్ తప్పనిసరి. మన ఫ్రిజ్ మీద ఉండే చుక్కల స్టిక్కర్ లాంటిదే. ఒక చార్జింగ్‌కు ఎన్ని గంటలు ఎన్ని నిమిషాలు వస్తుందో, ఎన్నిసార్లు చార్జ్ చేసేదాకా బ్యాటరీ 80 శాతం నిలబెట్టుకుంటుందో ఆ లేబుల్ మీద ఉంటుంది. అందరికీ ఒకే పరీక్ష. ఆ వివరాలు 'ఎప్రెల్' (EPREL) అనే బహిరంగ డేటాబేస్‌లో ఉచితంగా చూడొచ్చు. మోడల్ పేరుతో కాక, బాక్సు వెనక ఉండే మోడల్ నంబరుతో వెతకండి. ఇండియాలో అమ్మే మోడల్ నంబరు చివరి అక్షరం తేడాగా ఉండొచ్చు. చిప్, స్క్రీన్, ఎంఏహెచ్ మూడూ కలిస్తే ఆ అంకె మీ ట్యాబుకూ వర్తిస్తుంది. 2025 జూన్‌కు ముందే అమ్మకం ఆగిపోయిన మోడళ్లు అందులో దొరక్కపోవచ్చు.

నాలుగో మెట్టు: చేతిలో పెట్టుకుని కొలవడం

అసలైన పని ఇదే, ఇక్కడ తొందరపడకండి. దుకాణంలో డెమో ట్యాబు మీద కొలిచి ప్రయోజనం లేదు. అది రోజంతా వైరుకే ఉంటుంది, బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి ఉంటుంది. ఇంట్లోనో, స్నేహితుల దగ్గరో ఉన్న ట్యాబులతో, లేదా కొన్నాక వాపసు గడువు ముగియకముందే కొలవండి.

కొత్త ట్యాబును మొదటి రెండు రోజులు కొలవకూడదు. అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫోటోలు సింక్ అవుతుంటాయి, వెనకాల ఏవో పనులు నడుస్తుంటాయి. మొదటిరోజు చార్జింగ్ చూసి "ఇది పనికిరాదు" అని వాపసు ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో రోజు చూస్తే అదే ట్యాబు వేరేలా ఉంటుంది.

ముందు బ్రైట్‌నెస్ సమానం చెయ్యాలి. రెండు ట్యాబుల్లోనూ స్లైడర్‌ను సగానికి పెడితే సమానమైనట్టు కాదు. ఒకదాని సగం మరోదాని ముప్పావు కావచ్చు. ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. ఆండ్రాయిడ్ ఫోనులో వెలుగును కొలిచే లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకోండి. గదిలో లైటు ఆర్పి, ట్యాబులో ఖాళీ తెల్లపేజీ తెరిచి, ఫోను ముఖాన్ని స్క్రీన్‌కు ఆనించండి. వెలుగు చూసే సెన్సార్ సాధారణంగా ఫోను ఇయర్‌పీస్ పక్కనే ఉంటుంది. ఇంట్లో చదువుకోవడానికి హాయిగా ఉండే వెలుగు 200 నిట్లు (స్క్రీన్ వెలుగును నిట్లలో కొలుస్తారు). స్క్రీన్‌కు పూర్తిగా ఆనినప్పుడు అది సుమారు 600 లక్స్‌గా కనిపించాలి. ఫోను సెన్సార్లు అంత కచ్చితం కాదు, మీ ఫోను 450 అన్నా 700 అన్నా కంగారు పడకండి. ఒకే ఫోనుతో రెండు ట్యాబులనూ ఒకే అంకెకు తెస్తే చాలు.

తర్వాత ఈ వరుసలో చెయ్యండి:

1. సిమ్ తీసేసి, రెండింటినీ ఒకే వైఫైకి కలపండి. బ్లూటూత్, లొకేషన్ ఆపండి. రిఫ్రెష్ రేటు, అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె, రెండింట్లోనూ 60కే పెట్టండి. మీరు రోజూ 120లోనే వాడేట్టయితే, 120తో ఇంకోసారి విడిగా కొలవండి.

2. ఒకే వీడియో ఫైలును రెండు ట్యాబుల్లోకీ ఎక్కించి, ఒకే ప్లేయర్‌లో తిప్పి తిప్పి ఆడించండి. యూట్యూబ్ వద్దు. అది ఒక్కో ట్యాబుకు ఒక్కో రకం వీడియో పంపుతుంది. ఆ రకాన్ని విప్పే సర్క్యూట్ చిప్‌లో లేకపోతే ప్రాసెసరే ఆ భారం మోయాలి, ట్యాబు వేడెక్కి చార్జింగ్ గబగబా దిగుతుంది. శబ్దం కూడా సమానంగా, లేదా పూర్తిగా మ్యూట్‌లో ఉండాలి.

3. 100 నుంచి కాకుండా, 90 శాతం నుంచి టైము చూడటం మొదలుపెట్టండి. 50కి చేరాక ఆపండి. శాతం చూపించే లెక్క రెండు చివర్లా నికరంగా ఉండదు. కొన్ని ట్యాబులు 100 దగ్గర అరగంట కదలకుండా ఉంటాయి, కొన్ని 10 దాటాక ఒక్కసారిగా ఆరిపోతాయి.

4. వాట్లు కట్టండి. 27.1 వాట్-అవర్ల ట్యాబులో 40 శాతం అంటే 10.8 వాట్-అవర్లు. అది దిగడానికి 4 గంటల 10 నిమిషాలు పట్టిందనుకోండి. 10.8ని 4.17తో భాగిస్తే 2.6 వాట్లు. పూర్తి బ్యాటరీ మీద పదిన్నర గంటల దరిదాపు.

ఇదే పద్ధతిలో ఆన్‌లైన్ క్లాసు ఒకసారి, పీడీఎఫ్ చదవడం ఒకసారి కొలవండి. కెమెరా, మైకు, వైఫై ఒకేసారి నడిచే వీడియో క్లాసులో 40 శాతం రెండున్నర గంటల్లోనే దిగిందనుకోండి, అప్పుడు వాడకం 4.3 వాట్లు. ట్యాబు ఒకటే, పదిన్నర గంటలు కాస్తా ఆరుంబావు అయ్యాయి. అందుకే "ఈ ట్యాబ్ ఎన్ని గంటలు?" అన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు ఉండదు.

రాత్రి పడుకునేముందు శాతం రాసుకుని, పొద్దున్నే మళ్లీ చూడండి. ఎనిమిది గంటలకు ఒకటి రెండు శాతం దిగితే మంచి ట్యాబు. ఐదారు దిగితే ఏదో యాప్ నిద్రపోనివ్వడం లేదు. బ్యాటరీ సెట్టింగుల్లో దాని పేరు కనిపిస్తుంది.

మన ఊళ్లో ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది

వేసవి ఒకటి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని యాపిలే చెబుతుంది. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటాక చార్జ్ చెయ్యడం మంచిది కాదు కాబట్టి ట్యాబులు ఆ వేడిలో చార్జింగ్‌ను నెమ్మదింపజేస్తాయి, లేదా ఆపేస్తాయి. మేడమీద రేకుల గదిలో మధ్యాహ్నం చార్జింగ్ ఎక్కకపోతే చార్జర్‌ను అనుమానించకండి. కవరు తీసి, ఫ్యాను కింద పెట్టి చూడండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

ఎండలో పని రెండోది. తోతాపురి కాలంలో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల కాటా దగ్గర ట్రాక్టర్ల లెక్క ట్యాబులో ఎక్కించేవాళ్లను తీసుకోండి. ఎండలో అక్షరం కనిపించాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టాలి. 200 నిట్ల దగ్గర కొలిచిన గంటలు అక్కడ పనికిరావు. అలాంటి పనికి కొనేవాళ్లు ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే పరీక్ష చెయ్యాలి. 11 అంగుళాల ట్యాబు కంటే 8.7 అంగుళాలది ఆ పనికి మేలు. వెలిగించాల్సిన స్క్రీన్ తక్కువ, ఒక చేత్తో పట్టుకోవచ్చు.

డార్క్ మోడ్ పెడితే చార్జింగ్ ఆదా అవుతుందన్నది ఓలెడ్ స్క్రీన్లకే నిజం. అక్కడ నల్లగా ఉన్న చోట పిక్సెల్ ఆరిపోయి ఉంటుంది. ఎల్‌సీడీలో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తక్కువ ధర ట్యాబుల్లో దాదాపు అన్నీ ఎల్‌సీడీలే.

సిగ్నల్ మూడోది. సిమ్ వేసిన ట్యాబు, టవర్ దూరమైనకొద్దీ గట్టిగా అరవాల్సి వస్తుంది, ఆ అరుపుకు శక్తి ఖర్చు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డెక్కాక మలుపు మలుపుకూ సిగ్నల్ మారుతుంటే బ్యాగులో ఊరికే ఉన్న ట్యాబు కూడా వేడెక్కుతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. సికింద్రాబాద్ వందేభారత్‌లో సుమారు ఎనిమిది గంటలు పిల్లలకు బొమ్మలు చూపించాలంటే, స్టేషన్‌కు బయల్దేరకముందే డౌన్‌లోడ్ చేసుకుని, దారిలో నెట్ ఆపేయడమే సరైన పద్ధతి.

ఐదో మెట్టు: మీ రోజును వాట్-అవర్లలో రాసుకుని, మూడో ఏడాదికి కొనండి

ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే విద్యార్థి రోజును చూద్దాం. పీడీఎఫ్‌లు 3 గంటలు, గంటకు 2.4 వాట్-అవర్ల చొప్పున 7.2. వీడియో క్లాసు 2 గంటలు, 4.3 చొప్పున 8.6. సిమ్ డేటాతో గంటసేపు వీడియోలు, 4. మిగతా సమయం ఊరికే ఉన్నందుకు 1.1. మొత్తం 20.9 వాట్-అవర్లు. ఈ వాట్లు ఉదాహరణకు వేసినవి, మీవి మీరు కొలిచినవి వేసుకోండి.

ఎవరూ సున్నా దాకా వాడరు. 15 శాతం దగ్గర చార్జర్ వెతుక్కుంటారు. కాబట్టి 27.1 ఉన్న ట్యాబులో వాడదగినది 85 శాతం, అంటే 23. ఈరోజుకు సరిపోయింది. రెండు మూడేళ్లకు బ్యాటరీ 80 శాతానికి దిగితే? 27.1లో 80 శాతం 21.7, అందులో 85 శాతం 18.4. రోజుకు రెండున్నర వాట్-అవర్లు తక్కువ. సాయంత్రం క్లాసు మధ్యలో ట్యాబు ఆరిపోతుంది. 30.8 ఉన్న ట్యాబు, వాట్లు అంతే వాడితే, మూడో ఏడాదిలోనూ 20.9 ఇస్తుంది, సరిగ్గా చాలినంత. కొన్నరోజు ఈ రెండు ట్యాబుల మధ్య తేడా కనిపించదు, మూడో ఏడాదిలో కనిపిస్తుంది.

ఎన్ని సైకిళ్లకు 80 శాతానికి దిగుతుందో కూడా చూడండి. ఐరోపా నిబంధన ప్రకారం కొత్త ట్యాబులు కనీసం 800 సైకిళ్లు నిలవాలి. ఐప్యాడ్‌లను 1000 సైకిళ్లకు తయారుచేస్తున్నట్టు యాపిల్ చెబుతుంది. సైకిల్ అంటే ఒకసారి వైరు పెట్టడం కాదు, మొత్తం కలిపి 100 శాతం వాడటం. రోజూ సగమే వాడితే రెండు రోజులకు ఒక సైకిల్.

ఆరో మెట్టు: ఎక్కడానికి పట్టే టైము

వాట్-అవర్లను చార్జింగ్ వాట్లతో భాగించి, 10, 15 వాట్ల ట్యాబులకు 1.3తో, 33 అంతకంటే ఎక్కువ వాటికి 1.6తో గుణించండి. వేగం ఎక్కువున్నవి ఆ వేగాన్ని మొదటి సగంలోనే చూపిస్తాయి, అందుకే ఎక్కువ గుణకం. రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 10 వాట్లు తీసుకుంటుంది కాబట్టి నాలుగు గంటలు. ట్యాబ్ ఏ9 ప్లస్ 15 వాట్లు, రెండు గంటల ఇరవై నిమిషాలు. షావోమీ ప్యాడ్ 6 పెద్ద బ్యాటరీయే అయినా 33 వాట్లతో గంటన్నర పైచిలుకు. మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లో ఇది చిన్న తేడా కాదు. బాక్సులో చార్జర్ ఉందో లేదో అడగండి. వూక్ (ఒప్పో, వన్‌ప్లస్ కంపెనీలది) లాంటి సొంత పద్ధతి చార్జర్లు తమ కేబులు లేకపోతే నెమ్మదిస్తాయి.

పాత ట్యాబు తీసుకునేటప్పుడు

2022 డిసెంబరు నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబులు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలోగానీ, సెకండ్ హ్యాండ్ ట్యాబులోగానీ బ్యాటరీ ఎంత మిగిలిందో యూఎస్‌బీ మీటర్‌తో తేలుతుంది. చార్జర్‌కు, కేబుల్‌కు మధ్య పెట్టే చిన్న పరికరం అది. ఫ్లైట్ మోడ్‌లో, స్క్రీన్ ఆర్పి, 20 నుంచి 80 శాతం దాకా ఎక్కించి మీటర్ చూడండి. దారిలో వేడిగా పోయేది తీసేస్తే మీటర్ అంకెలో సుమారు 87 శాతమే బ్యాటరీలోకి చేరుతుంది. కొత్తప్పుడు 27.1 ఉన్న ట్యాబుకు మీటర్ 18.7 వాట్-అవర్ల దగ్గర చూపించాలి. 14 మాత్రమే చూపిస్తే, అందులో 87 శాతం 12.2, ఎక్కించింది 60 శాతమే కాబట్టి దాన్ని 0.6తో భాగిస్తే 20.3. బ్యాటరీ 75 శాతానికి దిగిందన్నమాట. ధర ఆ లెక్కన మాట్లాడండి.

మీటర్ పెట్టకముందే ట్యాబును గచ్చు మీద వెల్లకిలా పెట్టి, ఒక మూల వేలితో తోయండి. బొంగరంలా తిరిగితే, లేదా స్క్రీన్ అంచు లేచి సందు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బింది. దాన్ని నొక్కకండి, చార్జ్ చెయ్యకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. స్విచాఫ్ చేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, బ్యాటరీ మార్చే సర్వీస్ సెంటర్‌కు అలాగే తీసుకెళ్లండి.